దండం పెడితే మేసే గుర్రం

ఇది రిటైరైనవాళ్ళు రాయవలసిన వ్యాసం. నాకింకా ముప్పై నిండలేదు. కాని నేను చేసిన ఉద్యోగం నాకంటే ముందే ముసలిదై పోయింది కాబట్టి దానితోపాటు నేనూ రిటైరైనట్టే లెక్క. సర్కారు దౌరా గుర్రాలకు డాక్టరుగా ఉండేవాణ్ణి. అధికారులు ఊళ్ళు తిరగడాన్ని దౌరా అనేవాళ్ళు. పంతొమ్మిది వందల నలభైల మొదట్లో హనుమకొండ తబేలాలో, అంటే సర్కారు గుర్రపుశాలలో, చేరాను. జీపులు వచ్చాక తబేలా ఎత్తేశారు. ఇప్పుడు ఎడ్లకూ బర్లకూ సూదులు వేస్తున్నాను. అది వేరే పని, దాని గురించి ఇక్కడ రాయను.

ఈ శాఖలో కొత్తగా చేరేవాళ్ళకు గుర్రాల సంగతి దేనికని అడగవచ్చు. గుర్రాలు పోయాయి నిజమే. వాటి మీద కూర్చున్నవాళ్ళు పోలేదు. అందుకని రాస్తున్నాను.

పని ఏమిటంటే

హైదరాబాదులో చదివేటప్పుడు గుర్రపు రోగాలను వరుసపెట్టి వల్లె వేశాను. ఒంట్లో ఏ భాగానికి ఏ రోగం, ఏ రోగానికి ఏ మందు అన్నీ నోటికి వచ్చేవి. తబేలాలో చేరాక నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదులు మూడే. ఒకటి, గుర్రం నడవడం లేదు. రెండు, గుర్రం ఆగడం లేదు. మూడు, ఆగిన చోటల్లా గడ్డి తింటున్నది. మొదటి రెండింటికి ఏదో ఒక రోగం కారణం కావచ్చు. మూడోదాని గురించి పుస్తకం తీసి చూస్తే, గడ్డి బాగా తినడం ఆరోగ్యానికి గుర్తు అని ఉంది.

మా నాన్నకు వరంగల్ బజారులో కిరాణా దుకాణం. "మీ పెద్దోడు ఏం జేస్తాండు?" అని ఎవరన్నా అడిగితే "డాక్టరు" అని అక్కడితో ఆపేవాడు. "ఏ దవాఖానల?" అంటే ఉలవల బస్తా వైపు చూసి వేరే మాట ఎత్తేవాడు. ఇంట్లో మాత్రం నన్ను వదిలేవాడు కాదు.

"షావుకారి ఇంట్ల పుట్టి లద్దె చూసుకుంట తిరుగుతానవ్."

"లద్దె చూస్తెనే గుర్రం కడుపుల ఏమున్నదో తెలుస్తది నాన్నా."

"మాకు గిరాకీ మొఖం చూస్తెనే తెలుస్తది. నీది ఏం చదువో."

నాన్న మాటలో నిజం ఉందని తరువాత తెలిసింది. గుర్రానికి వచ్చిన చెడ్డ అలవాటును గుర్రంలో వెతికితే దొరకదు. దాని మీద కూర్చున్న మొఖంలో వెతకాలి. కాని అది తెలియడానికి కొంత కాలం పట్టింది.

ముందు గుర్రం కడుపు సంగతి చెప్పాలి. ఆవు గబగబా మేసి వచ్చి తీరిగ్గా నెమరు వేసుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు. ఒంటికి తగినంత పెద్ద పొట్ట కూడా లేదు. కొంచెం కొంచెంగా రోజంతా తింటూ ఉండాలి. పొద్దున సంచిలో ఇన్ని ఉలవలు పెట్టి, పొద్దు గూకేదాకా ఖాళీ కడుపుతో నడిపిస్తే దానికి శూల వస్తుంది. శూల వచ్చిన గుర్రం నేల మీద పడి దొర్లడం ఒకసారి చూసినవాడు మళ్ళీ "గడ్డి ముట్టనియ్యకు" అనడు. కాబట్టి దౌరా గుర్రానికి నేర్పవలసింది తినవద్దని కాదు. ఎప్పుడు తినవచ్చో నేర్పాలి. ఈ రెండింటికీ ఉన్న తేడాను నేను గుర్రాలకు తొందరగానే చెప్పగలిగాను.

తోలుపట్టీ సిద్ధాంతం

నా మొదటి పై అధికారిని పెద్ద డాక్టరు అనేవాళ్ళం. మంచి మనిషి. ఏ చిక్కునైనా ఒకే మాటలో తేల్చేవాడు. మేత సంగతి కూడా అట్లాగే తేల్చాడు.

"తల వంగితే గదా తినేది. వంగనియ్యకు. ఖతం."

కళ్ళేనికీ జీనుకూ మధ్య ఒక తోలుపట్టీ కట్టించాడు. గుర్రం తల ఒక హద్దు దాటి కిందికి దిగదు. గీసి చూస్తే బొమ్మ చాలా బాగుంది. ఆ పట్టీతో ఒక గిర్దావరు, భూముల లెక్కలు చూసే అధికారి, నర్సంపేట దిక్కు బయలుదేరాడు. దారిలో వాగు ఉంది. గుర్రం వాగు దాటేటప్పుడు తల వంచి, నీళ్ళలో కాలు ఎక్కడ వేయాలో చూసుకుంటుంది. ఈ గుర్రానికి ఆ వీలు లేదు. ఆకాశం చూసుకుంటూ అడుగు వేసింది. గుర్రానికి ఏమీ కాలేదు. గిర్దావరు తడిసి, తుమ్ముకుంటూ తిరిగి వచ్చాడు.

పెద్ద డాక్టరు విచారణ చేసి, పట్టీ పొట్టిగా కట్టాడని గుర్రాన్ని చూసుకునే సాయీసును తిట్టాడు. పొడుగు పట్టీ కట్టించాడు. అప్పుడు గుర్రం హాయిగా గడ్డి తిన్నది. "ఇది జిద్ది గుర్రం" అని, తప్పు దాని మొండితనానిదేనని ఆయన తేల్చాడు.

ఆ పట్టీని ఇప్పటికీ మెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. నా అభిప్రాయం ఇది: తలను ఆపే సామాను చేసేవాడు, తల ఇంకా దేనికి పనికి వస్తుందో ముందు తెలుసుకోవాలి.

పట్టీ లేకుండా ఏం చేయాలి? చేతులతో పగ్గం గుంజడం దండగ. గుర్రం మెడ బలం ముందు మనిషి రెండు చేతులు ఎంత? తల దిగుతున్నదని తెలియగానే రెండు మడమలతో పక్కలు నొక్కి ముందుకు తోలాలి. నడిచే గుర్రం మేయలేదు. ఇది ఒకటే కిటుకు. అయితే పది సార్లు ఆపి, పదకొండోసారి బద్ధకించి ఒక్క నోటిపట్టు దక్కనిచ్చామా, ఆ పదీ వృథా. గుర్రం గుర్తు పెట్టుకునేది ఆ పదకొండోదాన్నే. లాటరీ టికెట్టు కొనేవాడికీ గుర్రానికీ ఈ విషయంలో భేదం లేదు.

బిజిలీ

తబేలాలో బిజిలీ అనే ఆడగుర్రం ఉండేది. బూడిద రంగు, పెద్ద కళ్ళు, చాలా నిదానం. ఆ పేరు పెట్టినవాడు దాని నడక చూసి ఉండడు. దాని సాయీసు ఖాసిం మియా. మేమందరం ఖాసిం చాచా అనేవాళ్ళం. గడ్డం నెరిసిన మనిషి. చిన్నప్పటి నుంచి గుర్రాలు తప్ప ఇంకో పని ఎరగడు. బిజిలీని ఒక తహసీల్దారు సవారీకి ఇచ్చారు. ఆయన పేరూ తాలూకా పేరూ రాయను.

ఒకనాడు ఆ తహసీల్దారు ఒక ఊరి పొలిమేర చేరాడు. ఎప్పటిలాగే పటేలూ రైతులూ దారి పక్కన వరుసగా నిలబడి దండాలు పెట్టారు. ఆయన ఎప్పటిలాగే పగ్గం వదిలి, కుడి చెయ్యి ఎత్తి వాటిని అందుకోబోయాడు. బిజిలీ ఒక్కసారిగా తల దించి పక్కన ఉన్న పచ్చజొన్నలో మూతి పెట్టింది. తహసీల్దారు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, దాని మెడ మీదుగా జారి పటేలు కాళ్ళ ముందు బోర్లా పడ్డాడు.

నేను చూడలేదు. ఖాసిం చాచా చెప్పాడు.

"పటేలుకు సమజ్ కాలె, డాక్టర్ సాబ్. సర్కార్ కింద పండుకొని ఉంటె తను నిలవడొచ్చునా? అందుకని తనూ బోర్ల పండుకున్నడు. పటేలు పండుకుంటె ఊరోళ్ళు నిలవడ్తరా? అందరు పండుకున్నరు. నిలవడ్డది నేను, బిజిలీ. అది తింటనే ఉన్నది."

ఖాసిం చాచా మాటలో సగం తీసేయాలి. సగం తీసేసినా పటేలు మోకాళ్ళ మీదికి వస్తాడు.

అక్కడ ఎవరూ నవ్వలేదట. అదే తహసీల్దారుకు ఎక్కువ కోపం తెప్పించింది. తిరిగి వచ్చి, గుర్రాన్ని పనికిరాని వాటిలో చేర్చి హర్రాజు వేయమన్నాడు, అంటే వేలం పాడి అమ్మేయమన్నాడు. వరంగల్ స్టేషన్ దగ్గరి టాంగావాళ్ళు కొనడానికి తయారుగా ఉన్నారు. ఇక్కడ మా శాఖ కాయిదా, అంటే నియమం, ఒకటి చెప్పాలి. సాయీసు కొలువు మనిషికి ఉండదు, గుర్రానికి ఉంటుంది. గుర్రం హర్రాజైతే ఆ గుర్రపు సాయీసు కూడా ఆ రోజుతో ఇంటికి పోవాలి.

ఖాసిం చాచా నా గది గడప మీద కూర్చున్నాడు. "టాంగావాడు బిజిలీకి ఎంతో కొంత ఇస్తడు, సాబ్. నన్ను ఎవడు కొంటడు?" అన్నాడు.

నేను తహసీల్దారును కలిసి, గుర్రానికి నేర్పడానికి గడువు అడిగాను. ఆయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు.

"వచ్చే దౌరా మొదటి రోజు నేనే ఎక్కుత. నేను మీద ఉండంగ అది ఒక్క గడ్డిపరక ముట్టినా అదే రోజు హర్రాజు. ముట్టకుంటె ఉండనియ్. మంజూరేనా?"

"మంజూరే, సర్కార్."

ఖాసిం చాచా కొలువు ఒక గడ్డిపరక మీద నిలబడింది.

తహసీల్దారు వెనక ఒక పూట

నేర్పే ముందు, ఇప్పటిదాకా దానికి ఎవరు ఏం నేర్పారో చూడాలి. అంతకు ముందు బిజిలీని నేనే ఎక్కి పరకాల దారిలో చాలా దూరం పోయి వచ్చాను. రెండు పక్కలా పచ్చగడ్డి ఉన్నా అది తల వంచలేదు. గుర్రం మంచిదే. మరి తహసీల్దారు ఎక్కితే ఏమవుతున్నది? ఆయన వేరే గుర్రం మీద పోతుంటే నా తట్టు మీద, అంటే నాకిచ్చిన పొట్టి గుర్రం మీద, వెనకాలే ఒక పూట తిరిగాను.

కళ్ళెదుటే ఉంది. పొలిమేర వస్తుంది. జనం వరుసగా నిలబడతారు. చేతులు జోడించి వంగుతారు. తహసీల్దారు గుర్రాన్ని ఆపి, పగ్గం పూర్తిగా వదిలేస్తాడు. ఎందుకంటే ఆయనకు ఒక చెయ్యి సలాం తీసుకోవడానికి, ఇంకో చెయ్యి మీసానికి కావాలి. దండాలు అయ్యేదాకా గుర్రానికి ఏ పనీ లేదు. పక్కనే ఎవరిదో చేను. అంటే ప్రతి ఊళ్ళోనూ గుర్రానికి ఒకే పాఠం, ఒకే వరుసలో: మనిషి వంగుతాడు, పగ్గం వదులవుతుంది, మేత దొరుకుతుంది. ఎంత మందబుద్ధి విద్యార్థికైనా ఒక దౌరాలో వచ్చేస్తుంది. బిజిలీ మందబుద్ధి కాదు. అది పగ్గం వదులయ్యేదాకా కూడా ఆగడం మానేసింది. మనిషి నడుము వంగితే చాలు, తానూ వంగుతున్నది. మా పెద్ద డాక్టరు జీవితంలో ఇంత బాగా నేర్పిన గుర్రం ఒక్కటీ లేదు.

ఈ సంగతి తహసీల్దారుకు వినయంగా చెప్పాను.

"అంటె? దండాలు బంద్ చేయమంటవా?"

"లేదు సర్కార్. దండాల కాడ పగ్గం పట్టుకోమంటున్న."

"ఏ చేత్తోటి?" అన్నాడు. నిజంగానే అడిగాడు.

నేర్పిన పద్ధతి

అనుమతికి ఒక గుర్తు కావాలి. ఆ గుర్తు పొరపాటున ఎవరూ చేసేది కాకూడదు. మాట పనికిరాదు. ఒక అధికారి ఉర్దూలో అంటాడు, ఇంకొకాయన తెలుగులో, మూడో ఆయన అసలు మాట్లాడడు. మెడ తట్టడం పనికిరాదు. సంతోషం వచ్చినప్పుడల్లా తడతారు. పగ్గం సంగతి చూశాం. అన్నీ కొట్టేస్తే మిగిలింది ఒకటే: సవారు రెండు కాళ్ళూ నేల మీద పెట్టడం. తహసీల్దారు పొరపాటున దిగడు. మీద మనిషి ఉంటే మేత లేదు. మనిషి దిగి నేల మీద నిలబడితే మేత ఉంది. ఎక్కడానికి పగ్గం పట్టుకుంటే తల ఎత్తాలి. ఇంతకంటే తేలికైన కాయిదా గుర్రానికే కాదు, మనకు కూడా ఎవరూ పెట్టలేదు.

హసన్‌పర్తి చెరువు దగ్గర గడ్డి బాగుంటుంది. రోజూ పొద్దున అక్కడికి తీసుకుపోయేవాళ్ళం. బయలుదేరే ముందు కడుపు నిండా పెట్టేవాళ్ళం. ఆకలితో ఉన్నవాడికి క్రమశిక్షణ నేర్పడం అన్యాయం, పైగా వృథా. నేను మీద కూర్చుంటే ఖాసిం చాచా, తబేలాలో నీళ్ళు పోసే మల్లయ్య ఎదురుగా నిలబడి వంగి వంగి దండాలు పెట్టాలి. బిజిలీ తల దిగబోతుంది, నేను మడమలు నొక్కి ముందుకు తోలతాను. మళ్ళీ తిరిగి వస్తాను. మళ్ళీ దండాలు. తల నిలబెట్టి ఉంటే నేను వెంటనే దిగుతాను. అది మేస్తుంది.

కల్లు గీయడానికి పోయే గౌడు ఒకాయన మోకు భుజాన వేసుకొని నిలబడి చాలాసేపు చూశాడు.

"ఏం మల్లయ్య మామ, పొద్దటి సంది గుర్రానికి దండం పెడ్తానవ్?"

"కొలువు గిట్లున్నది అల్లుడా."

"ఎవల గుర్రం?"

"తాసీలు గుర్రం."

"అట్లయితె తప్పదు తియ్," అని ఆయన తన దారిన పోయాడు.

మధ్యలో పాఠం చెడిపోయింది. నేర్చుకున్నది మళ్ళీ మరిచిపోతున్నది. కారణం ఖాసిం చాచా రుమాలులో దొరికింది. దాని నిండా పచ్చజొన్న ఆకు. దండం పెట్టేటప్పుడు దాని మూతి కిందికి జరిపి ఒక పిడికెడు అందిస్తున్నాడు.

"చాచా, లంచం పెడ్తానవా?"

"లంచం కాదు సాబ్, ప్యార్. దాని మొఖం చూస్తె పానం ఉంటలేదు."

"రెండూ నోట్లెకే పోతయ్ గద. దానికి ఫరక్ ఎట్ల తెలుస్తది?"

ఆయన రుమాలు దులిపి తలకు చుట్టుకున్నాడు. "నా కొలువుకు నేనే గొయ్యి తవ్వుతాన్నట్టున్న," అని తనలో తాను అనుకున్నాడు. ఆ తరువాత బిజిలీ దండాలను చూసి చెవులు కదిపేది, అంతే. నేను దిగితే తప్ప తల దించేది కాదు.

దౌరా ముందు రోజు తహసీల్దారుకు కాయిదా వివరించాను.

"మీరు మీద ఉంటె తినదు సర్కార్. దిగితె తింటది. కాబట్టి నడుమ నడుమ దిగాలె."

"దౌరాల దిగుడా?" ఆయన నన్ను జాలిగా చూశాడు. "దిగితె నాకూ పట్వారీకీ ఫరక్ ఏముంటదయ్యా?"

దిగే అధికారి

తరువాతి కాలంలో ఈ తహసీల్దారుకు ఊళ్ళలో మంచి పేరు వచ్చింది. గుర్రం దిగి నేల మీద నిలబడి మాట్లాడే అధికారి అని. రోజులు మారి కొందరు అధికారులు ఊళ్ళ మొఖం చూడడానికి భయపడినప్పుడు కూడా ఆయన తిరిగాడు. అది పుట్టుకతో వచ్చిన వినయమని ఆయనే చెప్పగా రెండుసార్లు విన్నాను. అది ఎట్లా పుట్టిందో నేను చూశాను కాబట్టి రాస్తున్నాను.

దౌరా మొదటి రోజు. ఆయన బిజిలీ మీద, నేను నా తట్టు మీద, ఖాసిం చాచా రికాబు పక్కన నడక. మేము వస్తున్నామని చెప్పడానికి జవాను ముందే పోయాడు. మొదటి ఊరు వచ్చింది. వరుస, దండాలు. తహసీల్దారు పగ్గం వదిలి చెయ్యి ఎత్తాడు. ఖాసిం చాచా కళ్ళు మూసుకున్నాడు. బిజిలీ చెవులు కదిపి ఊరుకుంది. రెండో ఊళ్ళోనూ అంతే. "శాబాష్" అని తహసీల్దారు మెడ తట్టాడు. మెడ తట్టడాన్ని గుర్తుగా పెట్టుకోనందుకు నాకు నేను శాబాష్ చెప్పుకున్నాను.

మూడో ఊరికి పోయే దారిలో ఎండ ముదిరింది. ఆయన ఒక్కసారీ దిగలేదు. కాబట్టి బిజిలీ ఒక్క పరకా తినలేదు. చేల మధ్య బండ్లబాట, రెండు పక్కలా ఒడ్డు మీద మోకాలెత్తు గరిక. అక్కడ బిజిలీ ఆగింది. తల ఎత్తే ఉంది. గడ్డి వైపు చూడనైనా లేదు. ఉత్తగా ఆగింది. తహసీల్దారు మడమలతో పొడిచాడు. కదలలేదు. కర్రతో తట్టాడు. కదలలేదు. నేను నేర్పిన కాయిదా దానికి పూర్తిగా అర్థమైంది. మనిషి దిగితే మేత అయినప్పుడు, మనిషిని దింపడమే ఇక మిగిలిన పని.

"నడుస్తలేదేంది?"

"గిట్టల రాయి ఇరికిందేమో సర్కార్," అన్నాను. రాయి లేదని నాకు తెలుసు.

ఆయన టోపీ తీసి నా చేతికి ఇచ్చి, చెమట తుడుచుకుంటూ దిగాడు. రెండో కాలు నేలకు ఆనగానే బిజిలీ తల గరికలో మునిగింది.

"తిన్నది," అన్నాడు తహసీల్దారు.

"సర్కార్, మీరు మీద లేరు," అన్నాడు ఖాసిం చాచా.

తహసీల్దారు ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో పగ్గం పట్టుకొని గుర్రం వైపే చూస్తూ నిలబడ్డాడు. ఏ మాట అంటాడో తెలియదు. అప్పుడే చేనులోంచి ఒక ఆడమనిషి కొడవలి పట్టుకొని వచ్చింది. టోపీ లేని తల, దుమ్ము కొట్టుకున్న కోటు, చేతిలో పగ్గం. గుర్రం మీద తప్ప ఆయనను ఎప్పుడూ చూడని ఆమెకు ఆయన ఎవరో తెలిసే దారి లేదు.

"ఓ గుర్రపాయనా, కండ్లు కనవడ్తలేవా? గడ్డి తింటె తిననియ్. పక్కకు జొన్న తింటాంది సూడు. జర ఇవతలికి గుంజు."

ఖాసిం చాచా నోరు తెరిచాడు. తహసీల్దారు చేత్తో అతన్ని ఆపాడు. ఎందుకు ఆపాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన పగ్గం పట్టి గుర్రాన్ని ఇవతలికి గుంజాడు. అది గరికలోకి మళ్ళింది.

ఆమె మెత్తబడింది. "కొత్త సాయీసువా? ఎవలకాడ ఉంటవ్?"

"తాసీల్దారు కాడ."

"అయ్యో, ఆయనకాడనా. నీ గాచారం." బిజిలీని తేరిపార చూసింది. "గిదే గుర్రం. పోయినేడు గీ చేన్లనే తిన్నది. ఒక్క మునుం మొత్తం, గీ కొసకెల్లి గా కొసదాక తిన్నది."

"మరి అదిలించకపోయినవా?"

"ఎట్ల అదిలిస్త బిడ్డా? రెండు చేతులు దండానికే పాయె. చెయ్యి తీస్తె పటేలు తిడ్తడు. తియ్యకుంటె గుర్రం తింటది. గట్లనే దండం పెట్టుకుంట సూసుకుంట నిలవడ్డ. ఆయన మీదికెల్లి మీసం దువ్వవట్టె."

"ఆయనకు చెప్పకపోయినవా, నా చేను తింటాంది అని?"

"దండం పెట్టినోళ్ళు మాట్లాడద్దు గద." ఆమె కొడవలి నడుముకు దోపుకొని, కొంచెం దగ్గరికి వచ్చింది. "ఆయన గీ గుర్రం మీదికెల్లి పడ్డడంట. నిజమేనా?"

నేను తట్టు దిగి దాని కాళ్ళు పరీక్షిస్తున్నట్టు వంగాను.

"పడ్డడు," అన్నాడు తహసీల్దారు.

"దెబ్బ తాకిందా?"

"మోచెయ్యి. ఇంక గుంజుతాంది."

"ఆముదం కాచి రాయమను. పాపం," అన్నది. ఎగతాళి ఏమీ లేదు, నిజంగానే అన్నది. "పెండ్లాం పిల్లలున్న మనిషి."

తహసీల్దారు మోచేతిని ఇంకో చేత్తో పట్టుకొని నిలబడ్డాడు. నా వైపు తిరిగి అడిగాడు.

"ఇంక ఎంతసేపు మేస్తది డాక్టర్?"

"మీరు కింద ఉన్నంతసేపు, సర్కార్."

సర్కార్ అన్న మాట నా నోట్లోంచి వచ్చాక తప్పు తెలిసింది. ఆమె నన్ను చూసింది, నా చేతిలో టోపీ చూసింది, ఆయన మీసం చూసింది. రెండు చేతులూ జోడించి నడుము వంచింది. అదే సమయంలో బిజిలీ, అందినంత గరిక తినేసి, మెల్లగా జొన్న వైపు జరిగింది. దానికి దండంతో పని లేదు. మనిషి కింద ఉన్నాడు, కాయిదా ప్రకారం అది మేయవచ్చు.

తహసీల్దారు పగ్గం గుంజలేదు.

"జొన్న తింటాంది," అన్నాడు ఆమెతో. "దండం తర్వాత. ముందు దాన్ని అదిలియ్."

ఆమె కదలలేదు. ఇది ఏ రకం హుకుమో ఆమెకు అర్థం కాలేదు. ఆయన మళ్ళీ అన్నాడు, ఈసారి కొంచెం మెల్లగా. "అదిలియ్యవ్వా. నేనేమనను."

ఖాసిం చాచా వైపు తిరిగి, "రేపటి సంది నువ్వు ముందుగాల పో. నేను యాడ దిగాల్నో చూసి పెట్టు. గడ్డి ఉండాలె, చేను ఉండద్దు," అన్నాడు.

ఖాసిం చాచా "జీ సర్కార్" అని తల రుమాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు.

ఆమె ఇంకా ఆయన మొఖమే చూస్తున్నది. బిజిలీ ఒక జొన్నదంటును వేరుతో సహా పీకింది. అప్పుడు ఆమె ఎడమ చేతిని గుండె దగ్గర దండంలోనే ఉంచి, కుడి చెయ్యి మాత్రం విడదీసి, "హేయ్, హేయ్" అని గుర్రాన్ని అదిలించింది.